కేంద్రకంలో డి.ఎన్.ఎ. మడతలు: మూలకణాలలో జన్యు నియంత్రణ, పంటల ప్రవర్ధనంలో దాని ప్రాధాన్యం

సారాంశం

ఒక జీవిలోని కణాలన్నిటిలోనూ దాదాపు ఒకే డి.ఎన్.ఎ. ఉంటుంది. అయినప్పటికీ వేరు కణం వేరుగా, ఆకు కణం ఆకుగా, మూలకణం మూలకణంగా కొనసాగుతాయి. ఏ కణంలో ఏ జన్యువులు పనిచేయాలన్నది వేరువేరుగా నిర్ణయం కావడమే ఇందుకు కారణం. ఈ నిర్ణయంలో డి.ఎన్.ఎ. క్షార క్రమంతో పాటు, అది కేంద్రకంలో ఏ విధంగా చుట్టుకొని, మడతపడి ఉన్నదన్న అంశానికీ పాత్ర ఉన్నట్లు గత రెండు దశాబ్దాల పరిశోధనలు తెలియజేస్తున్నాయి. జంతు మూలకణాలలోనూ, మొక్కల విభాజ్య కణజాలాలలోనూ ఈ నియంత్రణ జరిగే తీరును, కణజాల వర్ధనం ద్వారా ఉత్పత్తి చేసే మొక్కల నాణ్యతతో దానికి గల సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

వరి జన్యురాశిలో సుమారు 39 కోట్ల క్షార జంటలు ఉన్నాయి. రెండు ప్రతులూ కలిపి, ఒక్కొక్క జంట పొడవు 0.34 నానోమీటర్ల చొప్పున లెక్కిస్తే, ఒక వరి కణంలోని డి.ఎన్.ఎ. పొడవు సుమారు 26 సెంటీమీటర్లు అవుతుంది. రొట్టె గోధుమలో జన్యురాశి సుమారు 1,600 కోట్ల క్షార జంటలు. అందువల్ల ఒక్క గోధుమ కణంలోని డి.ఎన్.ఎ.ను సాగదీస్తే 11 మీటర్ల వరకు వస్తుంది. ఇంత పొడవైన పోగు, మిల్లీమీటరులో వందో వంతు వ్యాసం మాత్రమే ఉండే కేంద్రకంలో ఇమిడి ఉంటుంది.

కేవలం చోటు చాలడమే సమస్య అయితే ఏదో ఒక విధంగా కుక్కి పెట్టినా సరిపోయేది. కానీ కణం తనకు అవసరమైన జన్యువును అవసరమైన క్షణంలో చదవాలి, అవసరం లేని వాటిని మూసి ఉంచాలి, విభజన సమయంలో మొత్తం పోగును చిక్కు పడకుండా రెండు పిల్ల కణాలకు పంచాలి. అందుచేత డి.ఎన్.ఎ. మడతలలో ఒక క్రమం ఉంటుంది. ఆ క్రమం కణం రకాన్ని బట్టి మారుతుంది. ఏ అవయవంగానైనా మారగల సామర్థ్యాన్ని నిలుపుకొనే మూలకణంలో ఈ క్రమం ప్రత్యేకంగా ఉంటుంది.

మడతలలోని అంతస్తులు

కండెకు నూలు చుట్టినట్లు, డి.ఎన్.ఎ. హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ చుట్టుకొని ఉంటుంది. నాలుగు రకాల హిస్టోన్లు రెండేసి చొప్పున ఎనిమిది కలిసి ఒక ముద్దగా ఏర్పడగా, దాని చుట్టూ 147 క్షార జంటల డి.ఎన్.ఎ. ఒకటిన్నర చుట్లకు పైగా తిరుగుతుంది. దీనినే న్యూక్లియోసోమ్ అంటారు. 1997లో దీని నిర్మాణాన్ని ఎక్స్‌కిరణాల సహాయంతో పరమాణు స్థాయిలో నిర్ధారించారు. న్యూక్లియోసోమ్‌ల వరుస పూసలదండను పోలి ఉంటుంది. డి.ఎన్.ఎ., ప్రొటీన్లు కలిసిన ఈ పదార్థమే క్రోమాటిన్.

హిస్టోన్ల తోకలు న్యూక్లియోసోమ్ వెలుపలికి చొచ్చుకొని ఉంటాయి. వాటిపై అసిటైల్, మిథైల్ వంటి రసాయన సమూహాలు చేరుతాయి. అసిటైల్ చేరిన చోట క్రోమాటిన్ సాధారణంగా వదులవుతుంది, జన్యువు చదవడానికి అందుబాటులోకి వస్తుంది. మూడవ హిస్టోన్‌లోని 27వ లైసిన్‌పై మూడు మిథైల్ సమూహాలు చేరితే ఆ జన్యువు మూతపడుతుంది. ఈ ముద్రను వేసే ప్రొటీన్ల సముదాయాన్ని పాలికోంబ్ అని పిలుస్తారు. ఇవి కాక, డి.ఎన్.ఎ.లోని సైటోసిన్ క్షారంపై నేరుగా చేరే మిథైల్ ముద్ర కూడా ఉంది. మొక్కలలో ఇది ముఖ్యంగా చలన జన్యువులను, అంటే ట్రాన్స్‌పోజాన్లను, అదుపులో ఉంచుతుంది.

ఈ స్థాయిని దాటితే క్రోమాటిన్ ఉచ్చులుగా, ఉచ్చులు ప్రాంతాలుగా, ప్రాంతాలు క్రోమోసోమ్‌లుగా అమరుతాయి. చురుకుగా పనిచేసే భాగాలు ఒకవైపు, మూతపడిన భాగాలు మరొకవైపు చేరుతాయి. జంతు కణాలలో మూతపడిన భాగాలు ఎక్కువగా కేంద్రక త్వచాన్ని ఆనుకొని కనిపిస్తాయి. దట్టంగా రంగు పట్టే ఈ భాగాన్ని 1928లో ఎమిల్ హైట్జ్ నాచు మొక్కలలో గుర్తించి హెటిరోక్రోమాటిన్ అని పేరు పెట్టారు. గోధుమ, బార్లీ వంటి పెద్ద జన్యురాశి గల మొక్కలలో సెంట్రోమియర్లు కేంద్రకంలో ఒక వైపునకు, క్రోమోసోమ్ కొనలు ఎదుటి వైపునకు చేరి ఉంటాయి. 1885లోనే కార్ల్ రాబుల్ ఇటువంటి అమరికను వర్ణించినందువల్ల దానికి ఆయన పేరే స్థిరపడింది.

దూరపు మీటలు, దగ్గర చేసే ఉచ్చులు

ప్రతి జన్యువుకు ముందు ప్రమోటర్ అనే ప్రారంభ భాగం ఉంటుంది. అనేక జన్యువులకు ఇది ఒక్కటే చాలదు. ఎన్‌హాన్సర్ అనే ఉద్దీపక ఖండం వేల, లక్షల క్షార జంటల దూరంలో ఉండి కూడా జన్యువు పనిని పెంచగలదు. గదిలో దీపం ఒక మూల, మీట మరొక మూల ఉన్నట్లే ఇది. రెండింటినీ కలిపే తీగ పాత్రను ఇక్కడ మడత నిర్వహిస్తుంది. మధ్యలోని డి.ఎన్.ఎ. ఉచ్చుగా బయటికి వంగినప్పుడు దూరంగా ఉన్న రెండు కొసలు పక్కపక్కకు చేరుతాయి.

క్షీరదాలలో ఈ ఉచ్చులు ఏర్పడే విధానం చాలావరకు తెలిసింది. కొహెసిన్ అనే వలయాకార ప్రొటీన్ సముదాయం డి.ఎన్.ఎ.పై కూర్చొని దానిని రెండు వైపుల నుండి లోపలికి లాగుతూ ఉచ్చును పెంచుతుంది. సి.టి.సి.ఎఫ్. అనే ప్రొటీన్ కూర్చున్న చోట అది ఆగుతుంది. 2019లో శాస్త్రవేత్తలు ఒక్కొక్క డి.ఎన్.ఎ. పోగుపై కొహెసిన్ ఉచ్చును లాగడాన్ని సూక్ష్మదర్శినిలో ప్రత్యక్షంగా చూశారు. ఒక సరిహద్దు లోపలి ఎన్‌హాన్సర్ సాధారణంగా ఆ సరిహద్దు లోపలి జన్యువులనే ప్రభావితం చేస్తుంది.

మొక్కలలో కొహెసిన్ ఉన్నది కాని సి.టి.సి.ఎఫ్. లేదు. అరబిడాప్సిస్ వంటి చిన్న జన్యురాశిలో స్పష్టమైన సరిహద్దు ప్రాంతాలు కనిపించవు. వరి, మొక్కజొన్న వంటి పంటలలో మాత్రం వాటిని పోలిన ప్రాంతాలను గుర్తించారు. మొక్కలలోనూ దూరపు మీటలు ఉన్నాయనడానికి మొక్కజొన్నలోని బి1 జన్యువు మంచి ఉదాహరణ. మొక్కకు ఊదా రంగునిచ్చే ఈ జన్యువును, దానికి సుమారు 1 లక్ష క్షార జంటల ఎగువన వరుసగా ఏడు సార్లు పునరావృతమయ్యే ఖండం నియంత్రిస్తుంది. ఆ ఖండం జన్యువు ప్రారంభ స్థానాన్ని భౌతికంగా తాకుతున్నట్లు 2009లో నిరూపించారు.

జంతు మూలకణంలో మడతల తీరు

పిండ మూలకణాల క్రోమాటిన్ ఇతర కణాలతో పోల్చితే వదులుగా ఉంటుంది. హిస్టోన్లు త్వరగా విడిపోయి తిరిగి చేరుతుంటాయి. కణం ప్రత్యేకత పొందే కొద్దీ హెటిరోక్రోమాటిన్ దట్టమవుతుంది, అనవసరమైన జన్యువులు కేంద్రక త్వచం దగ్గరకు జరుగుతాయి.

మూలకణం ముందు రెండు బాధ్యతలు ఉన్నాయి. మొదటిది, మూలకణంగా కొనసాగడానికి అవసరమైన జన్యువులను చురుకుగా ఉంచడం. ఎలుక పిండ మూలకణాలలో ఆక్ట్4, సాక్స్2, నానోగ్ జన్యువులు ఈ పని చేస్తాయి. సాక్స్2 జన్యువుకు సుమారు 1 లక్ష క్షార జంటల దిగువన శక్తివంతమైన ఎన్‌హాన్సర్ సముదాయం ఉన్నది. 2014లో ఆ ఖండాన్ని తొలగించి చూడగా సాక్స్2 ఉత్పత్తి బాగా పడిపోయింది. జన్యువు చెక్కుచెదరకుండా ఉన్నా మీట లేకపోతే దీపం వెలగదని దీని వలన స్పష్టమైనది.

రెండవది, భవిష్యత్తులో అవసరమయ్యే జన్యువులను ఇప్పుడు మూసి ఉంచుతూనే, శాశ్వతంగా తాళం వేయకుండా చూడటం. అవయవాల నిర్మాణాన్ని నడిపే అనేక జన్యువులపై, తెరిచి ఉంచే ముద్ర, మూసి ఉంచే ముద్ర రెండూ ఒకేసారి ఉన్నట్లు 2006లో పిండ మూలకణాలలో కనుగొన్నారు. గడియ మాత్రమే వేసి తాళం వేయని తలుపు వంటిది ఈ స్థితి. పాలికోంబ్ ముద్ర గల ఇటువంటి ప్రాంతాలు కేంద్రకంలో ఒకదానినొకటి చేరి గుంపులుగా కూడా ఏర్పడతాయి. కణం ఏదో ఒక మార్గాన్ని ఎంచుకున్నప్పుడు ఆ మార్గానికి అవసరమైన జన్యువులు ఈ గుంపుల నుండి విడివడతాయి, మిగిలినవి మరింత గట్టిగా మూతపడతాయి.

ఈ మూత కూడా తిరుగులేనిది కాదు. 2006లో షిన్యా యమనక బృందం నాలుగు జన్యువుల సహాయంతో ఎలుక చర్మ సంబంధ కణాలను మూలకణాల వంటి స్థితికి తీసుకొని వచ్చింది. అయితే ఈ మార్పు కొద్ది శాతం కణాలలోనే, అదీ నెమ్మదిగా జరుగుతుంది. అక్షరాలు మారకపోయినా పాత మడతలను విప్పడం ఎంత కష్టమో దీనిని బట్టి ఊహించవచ్చు.

మొక్కల మూలకణాలు

జంతువులకు భిన్నంగా మొక్కలు జీవితకాలమంతా కొత్త అవయవాలను ఉత్పత్తి చేస్తాయి. కాండం కొనలోని విభాజ్య కణజాలంలో ఉండే కొన్ని పదుల మూలకణాలే ఇందుకు ఆధారం. వాటి దిగువన ఉన్న కణాలలో వుషెల్ జన్యువు పనిచేస్తుంది. దాని ప్రొటీన్ పై కణాలకు చేరి వాటిని మూలకణాలుగా నిలుపుతుంది, అక్కడ క్లావాటా3 జన్యువును ప్రేరేపిస్తుంది. క్లావాటా3 తిరిగి వుషెల్‌ను అదుపు చేస్తుంది. ఈ పరస్పర నియంత్రణ వల్ల మూలకణాల సంఖ్య హద్దు మీరదు, అడుగంటదు.

పువ్వు ఏర్పడేటప్పుడు పరిస్థితి మారుతుంది. నిర్ణీత సంఖ్యలో అవయవాలు ఏర్పడిన తరువాత పువ్వులోని మూలకణాలు ఆగిపోవాలి. అగామస్ అనే జన్యువు ప్రొటీన్ వుషెల్ ప్రాంతానికి చేరి, పాలికోంబ్ సముదాయాన్ని రప్పించి దానిని మూసివేస్తుంది. ఈ మూసివేతలో వుషెల్ జన్యువు వద్ద క్రోమాటిన్ ఉచ్చు ఏర్పడుతున్నట్లు 2018లో అరబిడాప్సిస్‌లో వెల్లడైంది. అంటే ఉచ్చు ప్రతిసారీ జన్యువును ప్రేరేపిస్తుందని భావించరాదు. కొన్ని చోట్ల అదే జన్యువును ఆపుతుంది.

ఈ నియంత్రణ ఫలితం ప్రతి కూరగాయల అంగడిలోనూ కనిపిస్తుంది. అడవి టమాట కాయను అడ్డంగా కోస్తే సాధారణంగా రెండు గదులే ఉంటాయి. పెద్ద సైజు టమాట రకాలలో అనేక గదులు ఉంటాయి. ఈ తేడాకు కారణమైన రెండు ముఖ్య స్థానాలూ మూలకణ జన్యువుల నియంత్రణ భాగాలలోనే ఉన్నాయి. మొదటిది వుషెల్ జన్యువు దిగువన జరిగిన స్వల్ప క్షార మార్పు. రెండవది సుమారు 2 లక్షల 94 వేల క్షార జంటల ఖండం తలకిందులు కావడం. దీని వలన క్లావాటా3 జన్యువు తన నియంత్రణ భాగం నుండి వేరుపడి, దాని ఉత్పత్తి తగ్గింది. ఫలితంగా మూలకణాలు పెరిగి, పువ్వులో ఫలదళాలు ఎక్కువై, కాయ పెద్దదైంది. రెండు సందర్భాలలోనూ ప్రొటీన్ మారలేదు. అది ఎంత, ఎక్కడ తయారు కావాలన్నదే మారింది. రైతులు తరతరాలుగా పెద్ద కాయల విత్తనాలు దాచుకోవడం ద్వారా తెలియకుండానే మూలకణాల నియంత్రణను ఎంపిక చేశారని చెప్పవచ్చు.

కణ విభజనను దాటి నిలిచే జ్ఞాపకం

శీతాకాలం గడిచిన తరువాతనే పూత పూసే మొక్కలలో, చలి గుర్తు విభాజ్య కణజాలంలో నెలల తరబడి నిలిచి ఉండాలి. అరబిడాప్సిస్‌లో పూతను అడ్డుకొనే ఎఫ్.ఎల్.సి. జన్యువు దీనికి కేంద్రం. చలి ప్రారంభంలో ఈ జన్యువు రెండు కొసలను కలిపే ఉచ్చు విడిపోతుంది. తరువాత పాలికోంబ్ ముద్ర క్రమంగా చేరుతుంది. చలికాలంలో ఈ జన్యువు ప్రతులు కేంద్రకంలో ఒకచోటికి చేరడాన్ని 2013లో గమనించారు. వెచ్చదనం తిరిగి వచ్చిన తరువాత కూడా, కణాలు ఎన్నిసార్లు విభజన చెందినా, ఆ మూత అలాగే ఉంటుంది. తరువాతి తరం విత్తనంలో మాత్రం అది తుడిచివేయబడుతుంది. అందువల్ల ప్రతి తరమూ తన చలిని తాను అనుభవించవలసిందే.

కణజాల వర్ధనంలో మడతలు చెదిరినప్పుడు

ఆకు లేదా ఇతర భాగం నుండి కాలస్‌ను, కాలస్ నుండి మొక్కను పొందడం అంటే కణం పాత గుర్తింపును చెరిపి కొత్త గుర్తింపును రాయడమే. ఆకు కణం కాలస్‌గా మారడానికి ఆకు జన్యువులపై పాలికోంబ్ ముద్ర పడటం అవసరమని 2012లో అరబిడాప్సిస్‌లో చూపారు. తరువాత సైటోకైనిన్ ఎక్కువగా ఉన్న మాధ్యమంలో కణాలు విభజన చెందుతుండగా వుషెల్‌పై ఉన్న మూసివేత ముద్ర పలచబడి, చిగురు పుడుతుందని 2017లో తెలియజేశారు. ఒకే మాధ్యమంలో ఒక రకం సులభంగా చిగురించి, మరొక రకం మొండికేయడానికి గల కారణాలలో ఈ తేడాలు కూడా ఉండవచ్చు.

ఈ తిరగరాతలో పొరపాట్లు జరిగే అవకాశం ఉంది. కణజాల వర్ధనం ద్వారా పొందిన వరి మొక్కలలో అనేక చోట్ల డి.ఎన్.ఎ. మిథైల్ ముద్ర తగ్గిపోయి, ఆ మార్పు తరువాతి తరాలకు కూడా సంక్రమించినట్లు 2013లో వెల్లడైంది.

రైతుకు నేరుగా నష్టం కలిగించిన ఉదాహరణ ఆయిల్ పామ్‌ది. కణజాల వర్ధనం ద్వారా పెంచిన ఆయిల్ పామ్ మొక్కలలో కొన్ని, నారుమడిలో ఎటువంటి తేడా లేకుండా పెరిగి, కాపుకు వచ్చిన తరువాత వికృతమైన కాయలను ఇచ్చాయి. పువ్వులో కేసరాలు ఏర్పడవలసిన చోట ఫలదళాల వంటి భాగాలు పెరిగి కాయను తొడుగులా కప్పుతాయి. నూనె దిగుబడి బాగా తగ్గుతుంది. 1980 దశకం నుండి తెలిసిన ఈ లోపానికి కారణాన్ని 2015లో మలేషియా పామాయిల్ బోర్డు శాస్త్రవేత్తలు, వారి సహచరులు కనుగొన్నారు. పువ్వు అవయవాలను నిర్ణయించే డెఫిషియెన్స్ అనే జన్యువు లోపల కర్మ అనే చలన జన్యువు ఉన్నది. దానిపై మిథైల్ ముద్ర దట్టంగా ఉంటే కాయ సాధారణంగా ఉంటుంది. వర్ధనంలో ఆ ముద్ర చెరిగిపోతే డెఫిషియెన్స్ సందేశం మధ్యలోనే తెగి, కాయ వికృతమవుతుంది. డి.ఎన్.ఎ. అక్షరాలలో మాత్రం తేడా ఉండదు. కొన్ని చెట్లు కాలక్రమంలో తిరిగి సాధారణ కాయలు ఇవ్వడం కూడా దీనికి అనుగుణంగానే ఉన్నది. ఇది ఉచ్చుల లోపం కాదు, క్రోమాటిన్‌పై ఉండవలసిన ముద్ర లోపం. అయినా కణ స్మృతి దెబ్బతింటే పంటకు కలిగే నష్టాన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు దేశంలో ఆయిల్ పామ్ సాగుకు ప్రధాన కేంద్రాలు. ఏలూరు సమీపంలోని పెదవేగిలో భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉన్నది. ఇక్కడి తోటలు ప్రధానంగా సంకర విత్తన మొలకలతో వేసినవి. అధిక దిగుబడినిచ్చే తల్లి చెట్లను కణజాల వర్ధనంతో విస్తరించాలన్న ఆలోచన బలపడుతున్న కొద్దీ ఈ విషయం ప్రాధాన్యం సంతరించుకుంటుంది. అరటిలో గ్రాండ్ నైన్ రకం ఇప్పటికే కణజాల వర్ధన మొక్కల రూపంలో విస్తారంగా సాగవుతున్నది. చిగురు కొనల నుండి ప్రవర్ధనం చేసే ఈ పద్ధతిలో తేడా మొక్కలు తక్కువే అయినా, పొట్టి మొక్కల వంటివి అక్కడక్కడా కనిపిస్తాయి. వాటిలో కొన్ని అక్షర మార్పుల వల్ల, కొన్ని ముద్రల మార్పుల వల్ల కలుగుతాయి.

పరిశోధనా పద్ధతులు, వాటి పరిమితులు

కేంద్రకంలో ఏ ఖండం దేనికి దగ్గరగా ఉన్నదో తెలుసుకొనే పద్ధతిని 2002లో జాబ్ డెక్కర్ బృందం ఈస్ట్‌పై రూపొందించింది. కణాలను ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచి, డి.ఎన్.ఎ.ను ఎంజైమ్‌తో కత్తిరించి, పక్కపక్కన ఉన్న కొసలను అతికించి, అతుకులను చదవడం ఇందులోని సూత్రం. 2009లో దీనిని మొత్తం జన్యురాశికి విస్తరించి హై-సి అని పేరు పెట్టారు. ఈ పద్ధతి సాధారణంగా లక్షలాది కణాల సగటును ఇస్తుంది. మొక్క కొనలోని మూలకణాలు కొన్ని పదులే కనుక, ఆకు మొత్తం నుండి తీసిన పటాన్ని మూలకణానికి అన్వయించడంలో జాగ్రత్త అవసరం.

మడతల ప్రభావాన్ని అతిగా అంచనా వేయరాదు. 2017లో మానవ కణాల నుండి కొహెసిన్‌ను తొలగించగా కొద్ది గంటలలోనే ఉచ్చులు మాయమయ్యాయి గాని, అధిక శాతం జన్యువుల పనిలో పెద్ద మార్పు రాలేదు. 2019లో సజీవ ఎలుక మూలకణాలలో సాక్స్2 జన్యువును, దాని ఎన్‌హాన్సర్‌ను ఏకకాలంలో పరిశీలించగా, జన్యువు పనిచేసే క్షణంలో అవి తప్పనిసరిగా దగ్గరగా లేవు. అందువల్ల ఉచ్చును ప్రతి జన్యువుకూ తప్పనిసరి మీటగా కాక, కొన్ని జన్యువులకు, ముఖ్యంగా దూరపు ఎన్‌హాన్సర్లపై ఆధారపడే వాటికి, అవకాశాన్ని పెంచే ఏర్పాటుగా భావించడం సమంజసం.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

1. కణజాల వర్ధన మొక్కలన్నీ తల్లి మొక్కకు అచ్చుగుద్దినట్లు ఉంటాయన్న హామీ శాస్త్రీయంగా పూర్తి సత్యం కాదు. క్షార క్రమం ఒకటే అయినా ముద్రలు మారవచ్చు.

2. జన్యు ఏకరూపతను పరీక్షించే సాధారణ డి.ఎన్.ఎ. మార్కర్లు క్షార క్రమంలోని తేడాలనే పట్టుకుంటాయి. మిథైల్ ముద్ర చెదిరిన మొక్క ఆ పరీక్షలో ఉత్తీర్ణత పొందగలదు. ఆయిల్ పామ్‌లో కర్మ ప్రాంతపు మిథైల్ స్థాయిని చిన్న మొక్కల ఆకులలోనే పరీక్షించి లోపమున్న వాటిని ఏరివేయవచ్చు.

3. కాలస్ దశ లేకుండా చిగురు కొనల నుండి పొందిన మొక్కలలో తేడాలు తక్కువ. తిరిగి తిరిగి ఉపవర్ధనం చేసే కొద్దీ తేడాలు పెరుగుతాయి. కాబట్టి ఉపవర్ధనాల సంఖ్యకు పరిమితి ఉండాలి.

4. తల్లి మొక్క వివరాలు, ఉపవర్ధనాల సంఖ్య, మొక్కల బ్యాచ్ సంఖ్య రైతు వద్ద నమోదై ఉంటే, తోటలో తేడా కనిపించినప్పుడు మూలాన్ని వెతకడం సాధ్యమవుతుంది.

5. తోటలో తేడా మొక్క కనిపించినప్పుడు పోషక లోపం, వైరస్ తెగులు, యాజమాన్య లోపం కాదని ముందుగా నిర్ధారించుకోవాలి. అవేవీ కానప్పుడు లోపాన్ని రైతు సాగు పద్ధతికి అంటగట్టడం సరికాదు.

ముగింపు

ఒక మొక్క వారసత్వం దాని డి.ఎన్.ఎ. అక్షరాలలో ఉంటుంది. ఆ వారసత్వంలో ఏ భాగాన్ని ఏ కణం, ఎప్పుడు వినియోగించుకోవాలన్నది ముద్రలు, మడతలు, ఉచ్చుల ద్వారా నిర్ణయమవుతుంది. మూలకణంలో ఈ ఏర్పాటు సడలికకూ బిగింపుకూ మధ్య సమతూకంలో ఉంటుంది. టమాట కాయ పెద్దది కావడానికీ, ఆయిల్ పామ్ కాయ చెడిపోవడానికీ ఈ సమతూకంలోని మార్పులే కారణమయ్యాయి. ఆయిల్ పామ్ రైతు మొక్క నాటిన మూడేళ్ళకు గాని గెలను చూడడు. లోపం అప్పుడు బయటపడితే ఆ మూడేళ్ళ పెట్టుబడి, శ్రమ, భూమి వృథా అవుతాయి. నాటక ముందే, ఆకు దశలోనే ఆ లోపాన్ని పట్టుకొనే పరీక్షలను మరిన్ని పంటలకు విస్తరింపజేయడం, వాటిని మొక్కల ధ్రువీకరణలో భాగం చేయడం ఈ శాస్త్రం నుండి వ్యవసాయం ఆశించదగిన తొలి ప్రయోజనం.